సరుకు పూజలో ఉన్నది

మా సంస్థ స్వర్ణోత్సవ సంచికకు ‘వామన మైక్రోప్రాసెసర్: ఒక మహత్తర చరిత్ర’ అనే వ్యాసం రాయమని నన్ను పురమాయించారు. చరిత్ర ఉండాలంటే ఆ వస్తువు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి చేసి ఉండాలి కదా అని నేను అడగలేదు. పౌరసంబంధాల అధికారికి పౌరులతోనే సంబంధం ఉండదు, ఇక ప్రశ్నలతో ఏం ఉంటుంది?

మాది విశాఖపట్నం శివార్లలో ఉన్న ప్రభుత్వ రంగ సంస్థ. పూర్తి పేరు ‘రాష్ట్ర సూక్ష్మ విద్యుత్ పరికరాల అభివృద్ధి సంస్థ’. గేటు మీది బోర్డులో పేరు పట్టకపోతే ‘అభివృద్ధి’ని తీసేశారు. అప్పట్నుంచీ అది గేటు బయటే ఉంది.

డెబ్బైల చివర, కంప్యూటరంటే ఒక హాలూ, ఆ హాలుకి ఒక చల్లదనం మిషనూ, ఆ మిషనుకి ఒక ఆపరేటరూ అనుకునే రోజుల్లో, పంచాగ్నుల సువర్చల గారనే మా ఇంజినీరు కంప్యూటరు బుర్రంతా గోరంత చిప్పులో ఇరికించారు. ఎనిమిది బిట్ల ప్రాసెసరు. పొట్టిది కాబట్టి వామన అని పేరు పెట్టారు. పురాణంలో వామనుడు మూడడుగుల నేల అడిగితే ఇచ్చినవాడు పాతాళానికి పోయాడు. మావాళ్లు ఆ కథ విన్నవాళ్లే. అందుకని జాగ్రత్తపడి ఒక్క పీట ఇచ్చారు, దాని మీంచి దిగనివ్వలేదు.

పెట్టెడు చిప్పులు తయారయ్యాయి. మొదటి చిప్పుని ఒక బోర్డులో బిగించి, ఫ్యాక్టరీ సైరన్ మోగించే ఉద్యోగం ఇద్దామనుకున్నారు. అప్పటిదాకా ఆ పని టైమాఫీసులో ఒకాయన మీట నొక్కి చేసేవాడు. మధ్యాహ్నం సైరన్ గడియారాన్ని బట్టి కాక ఆయన కడుపుని బట్టి మోగేది. సువర్చల గారు బోర్డు పూర్తిచేసి స్విచ్చి మీద వేలు పెట్టిన రోజు మహర్నవమి ముందురోజు.

“ఇవాళ వద్దమ్మా,” అన్నారు అప్పటి మేనేజింగ్ డైరెక్టర్ రాయసం వారు. “రేపు ఆయుధపూజ. పూజ చేయించాకే వేద్దాం. ఇన్నాళ్లు ఆగాం, ఒక్క రోజు ఆగలేమా?”

నేను రాయవలసిన చరిత్ర అంతా ఆ ఒక్క రోజు గురించే.

ఆయుధపూజ ఎలా చేస్తారో తెలిసిందే. పనిముట్లన్నీ పీట మీద పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి పూజిస్తారు. ఒకసారి పీటెక్కాక ఉద్వాసన చెప్పేదాకా ఆ పనిముట్టుని ఎవరూ ముట్టుకోరు. ఆ ఉద్వాసన పెద్ద తతంగమేమీ కాదు. పూజలో కూర్చున్న పెద్దమనిషి పూజ పళ్లేన్ని ఈశాన్యం వైపు కాస్త జరుపుతాడు, పక్కనెవరో మంత్రం చెబుతారు. అది జరిపితేనే పూజ జరిగినట్టు.

మా పీట మీద వామన బోర్డు, చిప్పుల పెట్టె, స్క్రూడ్రైవర్లు, టైపు మిషన్లు ఉన్నాయి. పీట మీద పట్టదు కాబట్టి జీపుని గుమ్మం ముందు నిలబెట్టి దానికి తాడు కట్టి ఆ తాడు కొస పీట మీద పెట్టారు. హారతి అయింది. ఉద్వాసనకని రాయసం వారు పిడికిట్లోకి అక్షతలు తీసుకున్నారు. ఫోను మోగింది. హైదరాబాదు నుంచి. రాయసం వారిని తక్షణం అమల్లోకి వచ్చేలా మత్స్య శాఖకు బదిలీ చేశారు.

“తక్షణం అంటే తక్షణమే,” అని ఆయన లేచారు. నిబంధన తెలిసిన మనిషి. అక్షతలు పిడికిట్లో ఉండగానే వెళ్లిపోయారు. అవి ఏ చేప నెత్తిన పడ్డాయో రికార్డుల్లో లేదు.

కొత్త మేనేజింగ్ డైరెక్టర్ వచ్చాక సువర్చల గారు వెళ్లి, “కాస్త పళ్లెం జరిపి వెళ్తారా సార్,” అని అడిగారు.

“పూజ ప్రారంభించిన అధికారి ఎవరు?” అన్నారాయన.

“రాయసం వారండీ.”

“ఒకరు తెరిచిన దస్త్రాన్ని ఇంకొకరు మూయడానికి వీల్లేదు. ఆయనకే రాయండి.”

రాశారు. మత్స్య శాఖ నుంచి జవాబు వచ్చింది: ‘ప్రస్తుతము నా అధికార పరిధి నీటిలో నివసించు జీవులకు మాత్రమే వర్తించును.’ ఆ జవాబుని పై శాఖకు పంపితే అక్కణ్నుంచి ఉత్తర్వు వచ్చింది: ‘తుది నిర్ణయము వెలువడు వరకు యథాతథ స్థితి కొనసాగించవలెను.’

పూజలో యథాతథ స్థితి అంటే రోజూ దీపం, రోజూ నైవేద్యం. మావాళ్లు ఉత్తర్వుని అక్షరాలా పాటించారు.

ఈలోగా టైపు మిషన్లు లేక ఉత్తరాలు ఆగిపోయాయని వాటిని ఎవరో పీట మీంచి తీసుకుపోయారు. స్క్రూడ్రైవర్లు ఎవరి జేబుల్లోకి వాళ్లవి చేరాయి. జీపుకి తాడు దానంతటదే తెగింది, అదీ ఒక ఆదివారం, ఎవరింట్లోనో శుభకార్యం ఉండగా. దేంతో జనానికి అవసరముందో దానికి దానంతటదే ఉద్వాసన అయిపోయింది. వామనతో అవసరం ఒక్క సువర్చల గారికే ఉంది. ఆవిడ మాటకు పద్ధతి ప్రకారం జవాబు ఉంది: “మత్స్య శాఖ నుంచి రానివ్వండమ్మా.”

మొదట్లో బయటి నుంచి ఆర్డర్లు బాగానే వచ్చాయి. ఒక రైసుమిల్లు వారికి ధాన్యం తేమ కొలిచే యంత్రం కోసం కావాలిట. ఒక తూకం యంత్రాల వారికి కావాలిట. అందరికీ ఒకే జవాబు అచ్చు వేయించి పంపాం: ‘మీ లేఖ అందినది. సరుకు ప్రస్తుతము పూజలో ఉన్నది. ఉద్వాసన అనంతరము పంపబడును.’

ఒక లిఫ్టుల కంపెనీ యజమానికి ఒళ్లు మండి రాశాడు: ‘అయ్యా, మా లిఫ్టు మధ్యలో ఆగి ఉంది. చిప్పు పంపలేకపోతే ప్రసాదమైనా పంపండి.’

మా సంస్థలో వెటకారాన్ని నమోదు చేసుకునే సెక్షన్ లేదు. పంపించారు. వారం తిరక్కుండా అతని దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం: ‘పులిహోర దివ్యంగా ఉంది. మా అమ్మాయి నిశ్చితార్థానికి వంద మందికి సరిపడా పంపగలరు.’

సంస్థ పుట్టాక ఒకే ఖాతాదారు రెండోసారి ఆర్డరివ్వడం అదే మొదలు. అత్యవసర సమావేశం పెట్టారు. గిరాకీ ఎటు ఉంటే ఉత్పత్తి అటు ఉండాలని తీర్మానించారు. సువర్చల గారి దగ్గర పని నేర్చుకున్న ధనుంజయ గారనే సర్క్యూట్ల ఇంజినీరుని డిప్యూటీ జనరల్ మేనేజర్, నైవేద్యాల విభాగం, అని నియమించారు. చిప్పుల తయారీకి కట్టిన దుమ్ములేని గదిలో, తెల్లకోట్లు వేసుకుని, నెత్తికి టోపీలూ మూతికి గుడ్డలూ కట్టుకుని, చేతితొడుగులతో పులిహోర కలిపే సంస్థ భూమ్మీద మాదొక్కటే అని నేను ధైర్యంగా రాయగలను. సిలికాన్ పలకలు కాల్చే కొలిమిలో జీడిపప్పు వేయించారు. ఒక్కటీ మాడలేదు. పోపులో ఆవాలు సమానంగా పరుచుకున్నాయో లేదో సూక్ష్మదర్శినితో చూసేవాళ్లు. మైక్రోప్రాసెసర్ల సంస్థ కాస్తా మైక్రోప్రసాదాల సంస్థ అయింది.

ఆడిటు వాళ్లు మాత్రం ఊరుకోలేదు. ‘కొట్టిన కొబ్బరికాయకు రెండు చిప్పలుండవలసి ఉండగా దేవుని వద్ద ఒకటే కనిపించుచున్నది. రెండవ చిప్ప ఏమైనది?’ అని అడిగారు. ఆ రెండో చిప్ప కోసం విచారణ సంఘం వేశారు. పెట్టెడు చిప్పులు ఏమయ్యాయని మాత్రం ఎవరూ అడగలేదు. చిప్పుకి లేని విలువ చిప్పకి వచ్చింది.

ఈ సందట్లో సువర్చల గారు రిటైరయ్యారు. శాలువ కప్పి, పులిహోర పొట్లం చేతికిచ్చి పంపారు.

ఇక స్వర్ణోత్సవం. ఇప్పటి మేనేజింగ్ డైరెక్టర్ భానోజీరావు గారికి ఒక ఆలోచన వచ్చింది. వామనను వారసత్వ సంపదగా ప్రకటించి, గాజులా గట్టిపడే ద్రవం పోసి, దిమ్మెలో శాశ్వతంగా బిగించాలి. పై శాఖ వెంటనే అనుమతిచ్చింది: ‘పూజలో ఉన్న వామనను యథాతథ స్థితిలో దిమ్మెకట్టుటకు అనుమతించడమైనది.’ ఉత్సవం రోజు ముఖ్య అతిథి చేతుల మీదుగా ద్రవం పోయడమని కార్డులు వేశాం. కార్డు అందగానే, డెబ్బై దాటిన సువర్చల గారు విజయనగరం నుంచి బస్సెక్కి వచ్చేశారు.

“ఏవండీ, దాన్ని బిగించేముందు ఒక్కసారి కరెంటిచ్చి చూద్దాం,” అన్నారు, గదిలోకి వస్తూనే.

భానోజీరావు గారు కుర్చీలోంచి సగం లేచి, సగం నిబంధన దగ్గర ఆగారు. “మేడమ్, భావోద్వేగపరంగా మీ అభ్యర్థన పరిశీలనార్హమే. పరిపాలనాపరంగా ఇబ్బందికరం. అది పనిచేసిందనుకోండి, ఇన్నేళ్లు ఎందుకు వాడలేదని అడుగుతారు. పనిచెయ్యలేదనుకోండి, ఇన్నేళ్లు ఎందుకు పూజించారని అడుగుతారు. అసలు వెయ్యకపోతే ఎవరూ ఏమీ అడగరు.”

“నేను అడుగుతున్నానుగా.”

“మీరు రిటైరయ్యారు కదండీ.”

“అయితే?”

“పైగా, ఒక్క ఫిర్యాదు కూడా లేని ప్రాసెసరు ప్రపంచంలో ఇదొక్కటే మేడమ్. ఆ రికార్డుని మనం పణంగా పెట్టలేం.”

“పుట్టని పిల్లాడి మీద పక్కింటివాళ్లు ఏం ఫిర్యాదు చేస్తారు నాయనా,” అని ఆవిడ బయటికి వచ్చేశారు.

వరండాలో నేను మంచినీళ్లిచ్చాను. సగం తాగి గ్లాసు పట్టుకునే నిలబడ్డారు.

“శాలువలు బీరువా నిండా ఉన్నాయి బాబూ, ఇంకోటి కప్పించుకుందామని రాలేదు. నాలుగేళ్లు బల్ల మీద వంగి గీసిన గీతలవి. సరిగ్గా గీశానో లేదో తెలీకుండానే పోవాలా అని. అంతే. పనిచెయ్యకపోయినా పర్లేదు, ‘తప్పు గీశావే’ అనైనా తెలియాలి కదా. రేపు ఆ బంక పోస్తే అదీ లేదు.” గ్లాసు నాకిచ్చేస్తూ అడిగారు. “రేపు ఫొటోలు నువ్వే తీస్తావా?”

“నేనేనండీ. మాకు వేరే ఫొటోగ్రాఫరు లేడు.”

“పూజ గదిలో వెలుతురు ఎటు నుంచి పడుతుంది?”

“ఈశాన్యం మూల కిటికీ ఉందండీ. అక్కణ్నుంచే.”

“బావుంది,” అన్నారు. వెలుతురు గురించి అంటున్నారనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే గదంతా కిక్కిరిసింది. ముఖ్య అతిథి వచ్చారు, ద్రవం బకెట్లో సిద్ధంగా ఉంది. ముందు ఫొటో. పీట ముందు భానోజీరావు గారు, పక్కన సువర్చల గారు, వెనక మా న్యాయ సలహాదారు అనంతశయనం గారు. సమావేశాల్లో ఆయన పేరులో రెండో సగాన్ని నిలబెట్టుకుంటారు. నిలబడి కూడా.

“భానోజీరావు గారూ,” అన్నారు సువర్చల గారు, “పళ్లెం చీకట్లో పడిపోయింది. కాస్త కిటికీ వైపు జరపండి. మీ మొహమ్మీద కూడా వెలుగు పడుతుంది.”

తన మొహమ్మీద వెలుగు పడుతుందంటే కాదనే అధికారి ఇంకా సర్వీసులో చేరలేదు. భానోజీరావు గారు రెండు చేతులతో, భక్తిగా, నాలుగు వేళ్ల మేర పళ్లెం జరిపారు. సువర్చల గారు చెంగు ముడిలోంచి అక్షతలు తీసి బోర్డు మీద వేసి, “యథాస్థానం ప్రవేశయామి, శోభనార్థం పునరాగమనాయ చ,” అన్నారు. ఏటా వాళ్లింట్లో వినాయకుడికి చెప్పే మంత్రమే. అందరూ దీవెన అనుకుని దణ్ణం పెట్టారు. నేను ఫొటో తీశాను.

“అయిపోయింది,” అన్నారావిడ.

“ఏమయిపోయింది మేడమ్?”

“ఉద్వాసన.”

భానోజీరావు గారి మొహమ్మీద వెలుగు పోయింది. పాపం, ఆ మాట తన ఉద్యోగానికి సంబంధించింది కాదని తేరుకోవడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. “లేదు లేదు. నేను ఫొటో కోసం జరిపాను. శయనం గారూ, చెప్పండి.”

అనంతశయనం గారు కళ్లు తెరిచారు. నిద్రలో విన్నదంతా ఆయనకు గుర్తుంటుంది, అదే ఆయన ఫీజు.

“రాయసం వారు నాడు పీట మీద కూర్చున్నది వ్యక్తిగా కాదు, మేనేజింగ్ డైరెక్టర్ హోదాలో. నేడు పళ్లెం జరిపినదీ అదే హోదా. హోదాకు బదిలీ ఉండదు. కాబట్టి ఆనాడు ప్రారంభించినవారే ఈనాడు ముగించినట్టు.”

“నా ఉద్దేశం ఫొటో కదండీ.”

“ఉద్దేశం ఫొటోయే. దిశ ఈశాన్యం. సాక్ష్యం కెమెరాలో ఉంది.” నా వైపు చూశారు. నేను కెమెరాని వెనక్కి పెట్టుకున్నాను.

“సరే, ముందు ద్రవం పోసేద్దాం. తర్వాత చూసుకుందాం.”

“పొయ్యకూడదు. అనుమతి ఉన్నది ‘పూజలో ఉన్న వామన’కు. ఇది ఇప్పుడు పూజలో లేదు. పోస్తే అనుమతి లేకుండా ప్రభుత్వ ఆస్తిని బంకలో ముంచినట్టు.”

“మరి ఇప్పుడు దీన్నేం చెయ్యాలి?”

“పూజ అయ్యాక పనిముట్టుని మామూలుగా ఏం చేస్తారో అదే చెయ్యాలి.”

“ఏం చేస్తారు?”

గదిలో ఎవరికీ వెంటనే గుర్తు రాలేదు. ధనుంజయ గారు బుర్ర గోక్కున్నారు. ముఖ్య అతిథి తన కార్యదర్శి వైపు చూశారు, కార్యదర్శి బకెట్ వైపు చూశాడు.

“వాడతారు,” అన్నారు సువర్చల గారు.

ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచారు. అందులోంచి కరెంటు సరిచేసి ఇచ్చే చిన్న పెట్టె, వైర్లు, పెన్సిలు రబ్బరు వచ్చాయి. బోర్డు మీద నేతి జిడ్డంతా గుడ్డతో తుడిచారు, చిలుము పట్టిన చిప్పుల కాళ్లని రబ్బరుతో రుద్దారు. కానీ వామన పక్కనే ఉన్న ఇంకో చిప్పు మీది కుంకుమ బొట్టు మాత్రం ముట్టుకోలేదు.

“అదీ తుడిచేదా అమ్మా?” అని ధనుంజయ గారు చెయ్యి పెట్టబోయారు.

“చెయ్యి తియ్యి. నేను నేర్పిందంతా పోపులో వేసేశావా? ప్రోగ్రాము ఉన్నది అందులోనే. దాని నెత్తిమీద గాజు కిటికీ ఉంటుంది, వెలుతురు పడి పడి ఉంటే లోపల రాసిందంతా చెరిగిపోయేది. ఆ కిటికీ మూసే కాగితం అంటించేలోపే మీరు పీటెక్కించారు. పూజారి గారు బొట్టు సరిగ్గా దాని మీదే పెట్టారు. రోజూ దాని మీదే పెడుతూ వచ్చారు.”

అంటే మా పూజే వామనకు ఇన్నేళ్లు పని లేకుండా చేసింది, మా పూజే దాని పని దానికి గుర్తుండేలానూ చేసింది. ఈ వాక్యం వ్యాసంలో పెడితే భానోజీరావు గారు రెండో సగం మాత్రం ఉంచారు.

పక్కనే టైమాఫీసు. అక్కణ్నుంచి సైరన్ వైరు లాగి బోర్డుకి కలిపారు. భానోజీరావు గారు ముఖ్య అతిథి ముందు నిలబడి, ఏది జరిగినా తన ఆదేశాల మేరకే జరిగినట్టుండాలని ప్రసంగం ఎత్తుకున్నారు. “ఈ చారిత్రక ఘడియలో, బహుముఖ అభివృద్ధి దిశగా...”

సువర్చల గారు స్విచ్చి వేశారు.

ఏమీ కాలేదు. ఆవిడ పెదాలు బిగించి బోర్డు వైపే చూస్తున్నారు. స్విచ్చి మీంచి వేలు తియ్యలేదు. తీస్తే ఒప్పుకున్నట్టవుతుందన్నట్టు.

అప్పుడు మోగింది.

ఒక పొడుగు కూత, ఆగి, ఇంకో పొడుగు కూత. భోజనం సైరన్. గడియారంలో ఇంకా పదిన్నరే.

మా సంస్థలో మంటలంటుకున్నప్పటి సైరన్‌కి ఆగి ఆలోచించినవాళ్లున్నారు గానీ, భోజనం సైరన్‌కి ఆగినవాడు లేడు. గది ఖాళీ అయింది. దుమ్ములేని గది ఖాళీ అయింది. కార్యాలయం మెట్ల మీద చెప్పుల చప్పుడు. ముఖ్య అతిథి జనంలో పడి క్యాంటీన్ వైపు కొట్టుకుపోయారు. అనంతశయనం గారు కళ్లు తెరవకుండానే నడిచారు, దారి తప్పలేదు. భానోజీరావు గారి నోరు ‘బహుముఖ అభివృద్ధి’ దగ్గరే ఉంది, కాళ్లు మాత్రం గుమ్మం దాటేశాయి.

మిగిలింది ఆవిడా నేనూ. ఆవిడ కుర్చీలో కూలబడి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకున్నది అద్దాలు కావు.

“సరిగ్గానే గీశాను,” అన్నారు నెమ్మదిగా.

“ముందు భోజనం సైరనే మోగేలా ఎందుకు పెట్టారండీ?” అని అడిగాను.

“పరీక్షకి. అది మోగితే జనం కదులుతారు. పనిచేసిందో లేదో నన్ను వేరే అడగక్కర్లేదు కదా.”

“ఇంకోసారి వెయ్యమంటారా?”

“వద్దులే. పాపం, వాళ్లు మొదటిసారే ఇంకా తిన్లేదు.”

నిజంగానే తినలేదు. క్యాంటీన్లో అన్నం ఇంకా ఉడుకుతోంది. ముఖ్య అతిథితో సహా నాలుగు వందల మంది ఖాళీ ఆకుల ముందు కూర్చున్నారు. పరువు పోయిన ధనుంజయ గారు అక్కడికక్కడే ఫిర్యాదు రాసి భానోజీరావు గారి చేతికిచ్చారు. ఆయన దాన్ని మునివేళ్లతో పట్టుకుని తిరిగొచ్చారు.

“చూశారా మేడమ్. ఇన్నేళ్ల రికార్డు. ‘వామన ప్రాసెసరు అకాలమున భోజన సైరన్ మోగించినందున, పోపు పెట్టకమునుపే జనము వచ్చి పడినారు. సదరు ప్రాసెసరుపై తగు చర్య తీసుకొనగలరు.’ ఇప్పుడు నేనేం చెప్పాలి పైవాళ్లకి?”

సువర్చల గారు ఆ కాగితం తీసుకుని ఒకసారి చదివారు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివారు. గుమ్మంలో ధనుంజయ గారు తలొంచుకుని నిలబడ్డారు.

“కోపగించుకోకండమ్మా. ఆకులేసి కూర్చోబెట్టాక ఏం చెయ్యను, తిడుతున్నారందరూ.”

“కోపమేవిటి నాయనా. దీనికో కాపీ తీయించి పెడతావా? ఇంట్లో పటం కట్టించుకుంటా. శాలువల పక్కన.”

“ముందు జవాబివ్వండి,” అన్నారు భానోజీరావు గారు నాతో, విసుగ్గా. “ఎప్పుడూ ఇచ్చేదే. అచ్చు కాగితాలు ఉన్నాయిగా.”

ఉన్నాయి. పసుపు మరకలతో బీరువాలో కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఒకటి లాగి బల్ల మీద పెట్టి పైన ధనుంజయ గారి పేరు రాస్తున్నాను. సువర్చల గారు నా భుజం మీంచి వంగి చూసి, “కలం ఇలా ఇవ్వు బాబూ,” అన్నారు. ఒక్క మాట కొట్టేసి, దాని పైన ఇంకో మాట రాసి, చివరి ఉద్వాసన వాక్యం మొత్తం కొట్టేసి, నాకే తిరిగి ఇచ్చారు.

‘మీ లేఖ అందినది. సరుకు ప్రస్తుతము పనిలో ఉన్నది.’